సొట్ట కారు దానం

పుంగనూరు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలి, ఒక్క కోడిపిల్లను కూడా తొక్కకుండా రిటైరైన డ్రైవరు చెంగల్రాయుడు. ఈ మాట ఆయన చెప్పుకోడు, ఊరే చెబుతుంది. పెళ్లికి బస్సు మాట్లాడుకున్నవాళ్లు సైతం ఆ రోజు డ్యూటీ చెంగల్రాయుడిదేనా అని కనుక్కొని మరీ ముహూర్తం పెట్టుకునేవారంటే నమ్మండి. అంత పేరున్న మనిషి రిటైరయ్యాక సరదాపడి ఒక తెల్ల కారు కొనుక్కున్నాడు. రెండేళ్లు దాన్ని ముద్దుగా చూసుకున్నాడు. పోయిన మాఘమాసంలో పెద్దపంజాణి దగ్గర పెళ్లికి పోతూ, రోడ్డు మీదికి దూకిన పొట్టేలును తప్పించబోయి, పట్టపగలు, కల్వర్టు గోడకు కొట్టాడు.

పొట్టేలుకేమీ కాలేదు. వెనక్కి తిరిగి చూడకుండా పోయి మందలో కలిసింది. కారు ముందు ఎడమ పక్కంతా నలిగిపోయింది. ఆ పక్క సీట్లో కూర్చున్న భార్య ప్రసన్నలక్ష్మికి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

కుట్లు పది రోజుల్లో మానాయి. మానంది ఇంకొకటుంది. ఆ రోజు తన కాలు సమయానికి బ్రేకు మీదికి పోలేదని చెంగల్రాయుడు మనసులో గట్టిగా పెట్టేసుకున్నాడు. వయసు మీద పడింది, కాలు మొద్దుబారింది, ఇక నేను డ్రైవర్ని కాను, అంతే. పక్కనే కూర్చున్న ప్రసన్నలక్ష్మి తన కళ్లారా చూసింది. కాలు పోయింది, బ్రేకు పడింది, ఏదో ట్రాక్టరు రాల్చుకుంటూ పోయిన ఇసుక మీద చక్రం జారింది అని పదిసార్లు చెప్పింది. వింటేగా! నా మనసు నొచ్చుకోకూడదని చెబుతున్నావులే అని తీసిపారేశాడు. పెళ్లాం మాట సాక్ష్యంగా చెల్లే ఇల్లు ఈ లోకంలో ఎక్కడుందో మరి.

ఆ పైన తాళంచెవి పట్టుకుంటే చాలు, చెయ్యి వణికేది. కారు ఇంటిముందు టార్పాలిన్ పట్ట కింద పడి ఉండేది. వీధిలోవాళ్లు ఓదార్చడానికి వచ్చేవారు, ఆ ఓదార్పే పెద్ద శిక్ష. "నీకే ఇట్లయితే ఇంక మా గతేందప్పా" అని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. వాళ్లు పట్ట ఎత్తి సొట్టలో చెయ్యి పెట్టి చూస్తుంటే చెంగల్రాయుడికి తన ఒంటి మీద చెయ్యి పెట్టినట్టే ఉండేది. కూరగాయలకు కూడా నడిచే పోయేవాడు. ఒకటిన్నర మైలు, ఎండలో, అరవై దాటిన మోకాళ్లతో.

కుప్పంలో టీచరుగా చేస్తున్న కూతురు మేఘన ఒకరోజు ఫోన్లో ఒక దారి చూపించింది. కుప్పం పొలిమేరలో ఒక ట్రస్టు ఉందట. శాంతిపురం, గుడుపల్లె పల్లెల నుంచి ఆడపిల్లల్ని తెచ్చి టింకరింగ్ పని, అంటే దెబ్బ తగిలిన బండి రేకును సాపు చేసి రంగు కొట్టే పని నేర్పిస్తారట. నేర్చుకున్నవాళ్లు పొద్దున రైలెక్కి బెంగుళూరులో ఉద్యోగాలకు పోతారట. వాళ్లకొక కారు కావాలి, దానమిస్తే పుణ్యం అంది. చెంగల్రాయుడు రెండో మాట మాట్లాడలేదు. కారు కళ్లెదుట లేకపోతే చాలు, పుణ్యం దొరికితే అది కొసరు.

ట్రస్టులో పని నేర్పే రేఖ అనే ఆమెకు తనే ఫోన్ చేశాడు. కారుకు దెబ్బ తగిలిందని దాచకుండా చెప్పాడు. ఆమె ఎంతో సంతోషపడింది.

"ఉండేది ఉండేట్లే పంపించండప్పా. ఏమీ సేపించొద్దు. మాకు అట్లే కావల్ల" అంది.

ఇంతకంటే విడమరచి ఎవరైనా ఎట్లా చెబుతారు చెప్పండి? కానీ మన పక్క మర్యాదలు మీకు తెలుసు కదా. ఏమీ తేవద్దు, ఊరికే రండి అని పిలిచిన ఇంటికి చేతులూపుకుంటూ పోయినవాడి పేరు మూడు తరాలు చెప్పుకుంటారు. చాలు చాలు అని ఆకు మీద చేతులడ్డం పెట్టినవాడికి ఆ చేతుల సందులోంచే ఇంకొక గరిటె వడ్డిస్తాం. వద్దు అనే మాటను వద్దు అని అర్థం చేసుకున్నవాడు మా సీమలో ఇంకా పుట్టలేదు. పైగా చెంగల్రాయుడి తల్లి ఆదిలక్ష్మమ్మ బతికున్నన్నాళ్లు దానమిచ్చే చీరలో గోరంత చిరుగున్నా పక్కన పెట్టేసేది, గుమ్మంలో నిలబడి అడిగినవాడికి మాడిన దోసె పెట్టనిచ్చేది కాదు. అటువంటి ఇంట పెరిగినవాడు సొట్ట కారు దానమిస్తాడా? ఆమె ఎంత మర్యాదస్తురాలు, నా మీద భారం పడకూడదని అట్లా అంటోంది అనుకున్నాడు.

ప్రసన్నలక్ష్మికి మాత్రం అనుమానం వచ్చింది. ఇంకొకసారి అడిగి చూడమంది. అడిగితే మాత్రం చేయించి పంపమని నోరు తెరిచి అంటారా అని ఆయన వాదన.

కారును లారీ మీద మదనపల్లెకు, రెడ్డెప్ప షెడ్డుకు తోలించారు. రెడ్డెప్ప పాతికేళ్ల నుంచి టింకరింగ్ చేస్తున్న మనిషి. సొట్టలో పుట్టీ పూసి రుద్ది మాయ చేసే రకం కాదు, రేకును లోపల్నుంచి తట్టి తట్టి దాని పాత ఒంపు దానికి తెప్పించే రకం. దానానికని తెలిశాక ఇంకా పట్టుదల పెరిగింది. ఆరు వారాలు పట్టింది. పని అయ్యాక కళ్లు మూసుకొని బండి మీద చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు పోనిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియలేదు. చెంగల్రాయుడు రెండుసార్లు పోనిచ్చి చూశాడు.

ప్రసన్నలక్ష్మి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. రెడ్డెప్ప బండిని ముందుకు కదిలించి వాటిని తొక్కించాడు. కుప్పం దాకా తోలడానికీ ఆయనే ఒప్పుకున్నాడు, చెంగల్రాయుడు ఎంత చెప్పినా స్టీరింగు ముట్టలేదు మరి. తిరిగి వచ్చేది ముగ్గురూ బస్సులో అనుకున్నారు. పుంగనూరు దాటి ఆ కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి చెంగల్రాయుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వెనక సీట్లోంచి ప్రసన్నలక్ష్మి చూసింది. పలమనేరు, వి.కోట, శాంతిపురం గడిచి పదకొండు గంటలకు కుప్పం చేరారు.

ట్రస్టు గేటు దగ్గర తొమ్మిది మంది ఆడపిల్లలు నీలం కోట్లు వేసుకొని వరసగా నిలబడి ఉన్నారు. మేస్త్రి చేతిలో ఉండాల్సిన సుత్తులు, రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మెలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. కారు తళతళలాడుతూ లోపలికి రాగానే స్వాగతంగా ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. గుడుపల్లె నుంచి వచ్చే ఇందు అనే పిల్ల కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. చాలక, వంగి కింద కూడా చూసింది.

"మేడమ్, సొట్ట యాడుండాది?" అంది.

రేఖ ముఖం చూసి చెంగల్రాయుడికి సగం అర్థమైంది. మిగతా సగం ఆమె నెమ్మదిగా చెప్పింది. ఈ పిల్లలు ఇన్నాళ్లూ ఊళ్లో షెడ్లవాళ్లు ఇచ్చిన విడి తలుపుల మీదా విడి బానెట్ల మీదా నేర్చుకున్నారు. నిలబెట్టిన కారు మీద చెయ్యి వెయ్యలేదు. ఎల్లుండి బెంగుళూరు నుంచి కంపెనీవాళ్లు వస్తున్నారు. తమ కళ్లెదుట కారుకున్న సొట్ట తీసి చూపించిన పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకుంటారు. అందుకే దెబ్బ తగిలింది తగిలినట్టే పంపమంది.

చెంగల్రాయుడికి తల కొట్టేసినట్టయింది. పర్వాలేదప్పా, దీన్ని కూడా ఏదో ఒకదానికి వాడుకుంటాం, మీ మనసు గొప్పది అని రేఖ అంటూనే ఉంది. ఇది మాత్రం అచ్చమైన మర్యాద అని ఇప్పుడు ఆయనకు తెలిసింది, తెలిసి ఏం లాభం? దెబ్బ తగిలించాల్సిన అవసరం లేనిచోట తగిలించాడు, ఉంచాల్సినచోట లేకుండా చేశాడు. తను ముట్టుకున్నదల్లా ఇట్లాగే తగలడుతుందని అక్కడే ఉన్న రాతి మీద కూలబడ్డాడు.

రెడ్డెప్పకు ఈ బాధలేవీ లేవు. పిల్లలు రేకు మీద వేళ్లు ఆనించి, దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపెట్టలేక ఒకరినొకరు చూసుకుంటుంటే మీసం దువ్వుకున్నాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"మేడమ్, మళ్లీ పెట్టుకుందామా సొట్ట?" అంది ఇందు.

ఒక పిల్ల అప్పుడే సుత్తి ఎత్తింది. రేఖ ఆపింది. సుత్తి దెబ్బకు పడే గుంట వేరు, బండి పోయి తగిలితే రేకు మడతపడే తీరు వేరు, కంపెనీవాళ్లు చూడగానే పట్టేస్తారు అంది. గ్రౌండు చివర వాలులో కంచె కోసం పాతిన రాతి కూసం ఒకటి నడుమెత్తున నిలబడి ఉంది. బండిని దానికి తగిలించాలి. ముందు చక్రం పైన, లైటుకు వెనక, పళ్లెమంత చోట తగలాలి. అటు జరిగితే లైటు పగులుతుంది, ఇటు జరిగితే తలుపు పోతుంది, గట్టిగా తగిలితే రేడియేటరు దాకా పోయి బండి లేవనే లేవదు. ఇందు సుద్దముక్కతో ఆ చోట సున్నా గీసింది. రెడ్డెప్ప ఆరు వారాలు తట్టింది సరిగ్గా అక్కడే. ఆయన తాళంచెవి బానెట్ మీద పెట్టేసి, నన్ను అడగొద్దండి తల్లులారా అని అటు తిరిగి నిలబడ్డాడు. రేఖకు లైసెన్సు వచ్చి ఆరు నెలలు. అంత కచ్చితంగా తగిలించడం తనవల్ల కాదని ఉన్నమాట చెప్పింది.

"ఈయప్ప సేస్తాడు" అంది ప్రసన్నలక్ష్మి.

చెంగల్రాయుడు తలెత్తి ఆమెను చూశాడు. అందరి ముందూ ఈ మాట అంటుందని ఆయన అనుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి చూపించాడు, అవి వణుకుతూనే ఉన్నాయి.

"సూడు ఎట్ల వణకతాండాయో. కాలు గూడా నాది కాదు. నీకు తెలీదా?"

"వణికితే వణకనీ" అంది ఆమె. "ఇన్నాళ్లూ యాడన్నా తగిలిస్తానేమో అని గదా నీ బయం. ఇప్పుడు తగిలించేదానికే పోతాండావు. ఇంక బయమేంటికి?"

చెంగల్రాయుడు లేచి, ప్యాంటు దులుపుకొని, తాళంచెవి తీసుకున్నాడు. ఐదు నెలల తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ స్టీరింగును తాకి కళ్లకద్దుకున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. అది నడుస్తూనే ఉంది, ఆయన మాత్రం కదలలేదు. ఎవరో చెబితే తప్ప కదలడం ఆ మనిషికి రాదని ప్రసన్నలక్ష్మికి తెలుసు.

"రైట్ రైట్" అంది.

బండి కదిలింది. వాలులో పది గజాలు నెమ్మదిగా పోయింది, కూసం దగ్గరపడింది, పిల్లలు చెవులు మూసుకున్నారు. చప్పుడు రాలేదు. కారు ఆగింది. ఇందు పరుగెత్తి పోయి చూస్తే సుద్ద గీతకూ రాతికీ మధ్య బెత్తెడు సందు ఉంది.

చెంగల్రాయుడు వెనక్కి తీసుకుపోయి మళ్లీ వచ్చాడు. ఈసారి కొంచెం వేగంగా వచ్చాడు, పళ్లు బిగించుకొని వచ్చాడు. మళ్లీ ఆగింది. ఈసారి సందు రెండు వేళ్లు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. రేఖ వాళ్లను కసిరి తనూ నవ్వేసింది.

ఆయన మాత్రం సీట్లోంచి వంగి తన కాలినే చూస్తున్నాడు. తను బ్రేకు వెయ్యాలనుకోలేదు. వెయ్యకూడదని కాలికి చెప్పి మరీ వచ్చాడు. వద్దంటున్నా పోయింది, రెండుసార్లూ పోయింది, రాయి ఇంకా తగలకముందే పోయి నొక్కేసింది. తగిలించమని తను బతిమాలుతుంటే తగిలించని కాలు, ఆ రోజు పెళ్లాం పక్కన కూర్చుని ఉండగా ఊరుకుందా? ఐదు నెలలుగా తను తిట్టిపోసింది ఈ కాలినా? ఆయన అద్దం దించి ప్రసన్నలక్ష్మిని పిలిచాడు. ఆమె వంగింది.

"కాలు పోతాండాది మే" అన్నాడు. కళ్లు నిండిపోయాయి. "నేను వద్దన్నా పోతాండాది. ఆ పొద్దు గూడా పోయింటాది."

"పోయింది. నేను సూసినా" అంది ఆమె. అదే మాట పదకొండోసారి. నుదుటి మీద మచ్చ తుడుచుకుంటున్నట్టు కొంగుతో ముఖం తుడుచుకుంది.

చెంగల్రాయుడు ముక్కు చీది, గొంతు సవరించుకొని, పిల్లల్ని అందర్నీ కారు వెనక్కి రమ్మన్నాడు. డిపోలో కొత్త డ్రైవర్లకు చెప్పే గొంతు అది, ఎక్కడ దాక్కుందో ఏమో, తిరిగొచ్చింది. ఇంజను ఆపేసి, గేరు తీసేసి, చెప్పులు బయట విడిచి, రెండు కాళ్లూ మడిచి అన్నానికి కూర్చున్నట్టు సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. ఈ కాలు కింద ఉంటే మీ సొట్ట పడదు, మీరు తొయ్యండి, నేను స్టీరింగు చూసుకుంటా అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన్ను ఆ భంగిమలో ఎవరూ చూసి ఉండరు. రెడ్డెప్ప కూడా తిరిగి చూశాడు.

ప్రసన్నలక్ష్మి రైట్ చెప్పింది. తొమ్మిది మంది ఒక్క ఊపున తోశారు. కారు వాలులో దొర్లుకుంటూ పోయింది, చెంగల్రాయుడు చక్రాన్ని ఒక నలుసు ఎడమకు, మళ్లీ ఒక నలుసు కుడికి తిప్పాడు. ధన్ మని చప్పుడొచ్చింది. కారు ఒకసారి ఊగి నిలబడింది.

సున్నా లోపలే తగిలింది. లైటు పగల్లేదు, తలుపు అంచు పోలేదు. పళ్లెమంత చోట రేకు మడతపడి లోపలికి పోయింది, గీత మాత్రం చుట్టూ చెక్కుచెదరలేదు. ఇందు గుంటలో అరచెయ్యి పెట్టి అంచుల వెంబడి తడిమింది.

"మంచి సొట్టప్పా. ఇట్లాంటిది దొరకదు" అంది, ఎంతో గౌరవంగా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. రెడ్డెప్ప అలక ఆ చప్పట్లతో సరి. వచ్చి, వంగి, మడత ఎక్కడ మొదలైందో వేలితో చూపించి, ముందు దాని వెనక దిమ్మె ఎట్లా ఆనించాలో, ఎక్కడ తట్టకూడదో ఎవరూ అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు ఆయన చుట్టూ మూగారు. మధ్యాహ్నం బస్సు పోయినా పర్వాలేదన్నాడు, రేపు కూడా ఉండి పోతానన్నాడు.

రేఖ చెంగల్రాయుడి దగ్గరికి వచ్చి కొంచెం మొహమాటపడుతూ అడిగింది. ఈ పిల్లలు దీన్ని సాపు చేసేస్తారు, మూడు నెలల్లో ఇంకొక బ్యాచ్ వస్తుంది, అప్పుడు మళ్లీ ఇట్లాంటిదే కావాలి. వచ్చి కొట్టి పోతారా అని. జీవితంలో ఒక్క యాక్సిడెంటూ చెయ్యకూడదని బతికిన మనిషిని మూడు నెలలకొకసారి యాక్సిడెంటు చెయ్యమని పిలవడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

"వస్తానమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. "ఏ పక్క కావల్లంటే ఆ పక్క."

కారును షెడ్డులో పెట్టాలి. పిల్లలు మళ్లీ తొయ్యడానికి వచ్చారు. ఆయన వద్దన్నాడు. కాళ్లు కిందికి దించి, చెప్పులు తొడుక్కుని, ఇంజను స్టార్ట్ చేశాడు. ఈలోగా ప్రసన్నలక్ష్మి అటు పక్కకు నడిచి పోయింది. సొట్ట పడిన వైపు ముందు తలుపు తీసుకొని, చీర కుచ్చిళ్లు సర్దుకొని, ఆయన పక్కన కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరినీ అడగలేదు.

"బెల్టు పెట్టుకో" అన్నాడు ఆయన.

ఆమె పెట్టుకుంది. ఆయన చెయ్యి స్టీరింగు మీద కుదురుగా ఉందని చూసి తల తిప్పి దారి చూడసాగింది. షెడ్డు ముప్పై గజాల దూరంలో తలుపులు తెరిచి ఉంది. చెంగల్రాయుడు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టిగానీ కారును లోపల పెట్టలేదు.